పడమటి కొస పాయింట్లు

ఫోను మోగేసరికి హలీనా బోడ్నార్ నోట్లో గుండుసూదులున్నాయి.

మోకాళ్ళ మీద కూర్చుని ఒక తోడిపెళ్ళికూతురి గౌనుకి అంచు మడుస్తోంది. గౌను వేసుకున్న అమ్మాయి స్టూలు మీద నిలబడి, ఎక్కడ గుచ్చుకుంటుందోనని ఊపిరి బిగబట్టింది.

"నీకే," అంటూ డ్రైక్లీనింగ్ షాపు యజమానురాలు నెనిత ఫోను తెచ్చి చెవి దగ్గర పెట్టింది. "కేర్ హోమ్ నుంచట."

హలీనా సూదులు ఒక్కొక్కటే తీసి మణికట్టుకి కట్టుకున్న చిన్న దిండుకి గుచ్చింది. చేతులు నిదానంగానే కదిలాయి. 

ఫోనులో గొంతు మర్యాదగా ఉంది, వేగంగా ఉంది. మంచం ఖాళీ అయింది. కిటికీ ఉన్న గది. వరసలో మైరాన్ బోడ్నార్ పేరే ముందుంది. నాలుగింటికి వ్యాను వస్తుంది. ఐదు లోపల మనిషి చేరకపోతే మంచం తర్వాతి వాళ్ళకి వెళ్ళిపోతుంది.

"ఇవాళేనా?"

"ఇవాళే, మేడమ్. మళ్ళీ ఎప్పుడో చెప్పలేం. మంచాలు ఎలా ఖాళీ అవుతాయో మీకు తెలుసు కదా."

తెలుసు.

మైరాన్ ఆమె అన్న. ట్రాన్స్‌కోనా రైల్వే యార్డులో వ్యాగన్లు తనిఖీ చేసి బాగు చేసే పనిలో బతుకంతా గడిపాడు. ఇప్పుడు ఊపిరితిత్తులు పోయాయి. ముక్కుకి గొట్టం, గొట్టం చివర ఆక్సిజన్ మిషను, మిషను పక్కన కుర్చీ. అంతే అతని ఊరు. పోయిన వారం స్నానాలగదిలో పడ్డాడు. లేపబోయి ఆమె కూడా పడింది. పక్కింటావిడ వచ్చేదాకా ఇద్దరూ చల్లటి నేల మీద పక్కపక్కన పడుకుని పైకప్పు చూస్తూ ఉండిపోయారు.

"చిన్నప్పుడు ఇలాగే పడుకునేవాళ్ళం," అన్నాడు మైరాన్.

ఆమెకి నవ్వు రాలేదు. ఇంకోసారి పడితే లేపడం తన వల్ల కాదని ఆ నేల మీదే తెలిసిపోయింది.

అంచు సగంలో వదిలేసి, బట్టల వరసల వెనక్కి వెళ్ళి ఇంటికి ఫోను చేసింది.

"మంచం వచ్చింది, మైరాన్. నాలుగింటికి వ్యాను."

అవతల మిషను బుసకొడుతున్న చప్పుడు. తర్వాత ఒకే మాట.

"పాయింట్లు?"

"అవి తర్వాత చూసుకోవచ్చు. ముందు నువ్వు వెళ్ళు. ఆదివారం నేను తెచ్చి బిగిస్తాను."

"మనం అలా అనుకోలేదు." ఊపిరి కోసం ఆగాడు. "బండి నడిచాక వస్తానన్నాను. నడవని బల్లని తీసుకెళ్ళి కిటికీ దగ్గర పెట్టుకుంటే అది ఉత్త చెక్క, హాల్యా. చెక్కని చూస్తూ కూర్చోడానికి నేను రాను. ఇక్కడే చస్తా."

"పొద్దున్నే ఆ మాటలొద్దు."

"అయితే పాయింట్లు తే. పొడుగువి. పొట్టివి తెచ్చావో, గుమ్మంలోంచే వెనక్కి పంపిస్తా. నిన్ను కూడా."

ఫోను పెట్టేశాడు. పెట్టేస్తాడని ఆమెకి ముందే తెలుసు. ఊళ్ళో అందరికీ చెప్పగలిగే అబద్ధం ఆయన ఒక్కడికి చెప్పడం మాత్రం తన వల్ల కాదు. నడిచిందని చెప్పి తీసుకెళ్ళే దారి లేదు.

ఆ బల్ల, కేర్ హోమ్ గదిలో కిటికీ కింది అరుగుకి సరిపోయేలా ఆమే టేపుతో కొలిచి కోయించిన పలక. దాని మీద మైరాన్ పనిచేసిన యార్డు తూర్పు కొస, చిన్న నమూనాగా. ఇంజను నిలబడే లైను ఒకటి. అది ఒకచోట రెండుగా చీలుతుంది. ఆ రెంటిలో ఒకటి మళ్ళీ చీలుతుంది. మొత్తం మూడు లైన్లు, చీలే చోట్లు రెండు. ఆ చీలే చోట పెట్టే కదిలే పట్టాల ముక్కే పాయింటు. పట్టాలు కోసి సిద్ధంగా ఉన్నాయి. వ్యాగన్లకి రంగులు వేసిందీ, వాటి మీద అక్షరాలు సూదిమొనతో రాసిందీ హలీనాయే. మైరాన్ వేళ్ళు వణకడం మొదలైనప్పటినుంచి ఆ పనులకి వేళ్ళు ఆమెవి, నోరు ఆయనది.

పాయింట్ల దగ్గరే నెలనుంచి గొడవ. పొట్టి పాయింటు తక్కువ జాగాలో గభాలున పక్కకి తిరుగుతుంది. పొడుగుది నెమ్మదిగా తిరుగుతుంది, జాగా మింగేస్తుంది. పదవీ విరమణ రోజున తోటివాళ్ళు మైరాన్‌కి ఇచ్చిన ఇంజను పొడుగాటిది, ఆరు ఇరుసులది. పొట్టి పాయింటు మీద అది పట్టా దిగిపోతుంది. రెండూ పొడుగువి పెడితే ఇంజను బ్రహ్మాండంగా నడుస్తుంది, కానీ లైన్లు ఎంత కురచవుతాయంటే, వ్యాగన్లు నిలబెట్టే చోటుండదు. ఇంజనా, వ్యాగన్లా? మైరాన్‌కి రెండూ కావాలి. బల్ల ఒక్క అంగుళం కూడా పెరగదు.

* * *

భోజనం వేళకి హలీనా కోటు గుండీలు పెట్టుకుంటూనే వీధి దాటింది. రాత్రి కురిసిన మంచు రోడ్డు పక్కన బూడిదరంగు గుట్టలుగా ఉంది.

వెండెల్ ఫ్రీసెన్ నమూనా రైళ్ళ కొట్టు తలుపు సగం మూసి ఉంది. లోపల వెండెల్ అట్టపెట్టెలకి టేపు అంటిస్తున్నాడు.

"మూసేస్తున్నా, హలీనా. బ్రాండన్‌లో ప్రదర్శన. ఒంటిగంటకి బయల్దేరాలి."

"పాయింట్లు కావాలి. ఇవాళే."

గల్లా పక్కన స్టూలు మీద గార్నెట్ కాఫీ తాగుతున్నాడు. కొనేది ఎన్నడూ ఉండదు. రోజంతా కూర్చుని సలహాలు పంచుతాడు.

"ఇంకా తేలలేదా మీ అన్నాచెల్లెళ్ళ పంచాయతీ?" అన్నాడు. "పెద్ద రైల్వేలే ఇంతకన్నా తొందరగా పట్టాలు వేశాయి తల్లీ."

"వాళ్ళకి మైరాన్ లేడు," అంది హలీనా.

వెండెల్ నవ్వుతూ సొరుగు లాగాడు. పొడుగువి, పొట్టివి, ప్లాస్టిక్ సంచుల్లో. ఆమె చేతి తొడుగులు తీసి, ఒక పొడుగుదాన్ని గాజు మీద పెట్టింది. ఇక్కడ కొనేవాళ్ళంతా చేసే పనే చేసింది. నడుం వంచి, కన్ను పట్టా ఎత్తుకి తెచ్చి, ఒక వ్యాగను పెట్టి వేలితో తోసింది. చక్రం చీలిక మీద చిన్నగా ఎగిరింది. చూపుడువేలి గోరు కదిలే పట్టా అంచు మీద లాగింది. మొనవిరిగిన సూది బట్టలో ఎక్కడ తగులుకుంటుందో గోటితో వెతకడం ఆమెకి నలభై ఏళ్ళ అలవాటు. గోరు ఒకచోట ఆగింది.

"ఇది వద్దు. ఇంకోటి."

"వచ్చే నెల రా, కొత్త సరుకొస్తుంది," అన్నాడు గార్నెట్.

"వచ్చే నెల మా అన్నకి అక్కర్లేదు."

గార్నెట్ కప్పు కింద పెట్టాడు.  వెండెల్ గోడ గడియారం చూడకుండా ఉండటానికి కష్టపడుతున్నట్టు కనిపించాడు.

రెండోది బాగుంది. చక్రం నీళ్ళ మీద జారినట్టు జారింది. హలీనా సంచిలోంచి కాగితం తీసి గాజు మీద పరిచింది. గౌన్ల కొలతలకి వాడే పల్చటి కాగితం మీద బల్ల మొత్తం అసలు కొలతలో దించుకుంది. దాని మీద పొడుగు పాయింట్లు రెండూ పెట్టింది. లైన్లు బొటనవేలంత మిగిలాయి. తీసేసి పొట్టివి రెండు పెట్టింది. లైన్లు హాయిగా సాగాయి. ఇంజను మాత్రం వాటి మీద నిలవదు.

"ఇంజను మార్చెయ్యమను," అన్నాడు గార్నెట్, గొంతు తగ్గించి. "చిన్నది పెట్టుకుంటే ఏ గొడవా లేదు."

"మొగుణ్ణి మార్చమన్నట్టుంది నీ సలహా," అన్నాడు వెండెల్.

హలీనా వినడం లేదు. వేలితో లైను మీద నడుస్తోంది. ఇంజను ఇక్కడ. దాని ముందు వ్యాగన్లు. తోస్తుంది. మొదటి పాయింటు దాటాలి, తప్పదు. వ్యాగన్లు రెండో పాయింటు దాటి లోపలికి వెళ్తాయి. అప్పటికి ఇంజను ఎక్కడుంది? వేలు ఆగింది. ఇంజను ఇంకా రెండు పాయింట్ల మధ్యే ఉంది. లోపలికి వెళ్ళాల్సిన పనే లేదు. రెండో పాయింటు మీద నడిచేవి ఎప్పుడూ వ్యాగన్లే. అవి ఎంత మలుపైనా తిరుగుతాయి.

"మొదటిది పొడుగుది. రెండోది పొట్టిది," అంది.

వెండెల్ వంగి చూశాడు. అతని వేలు కూడా అదే దారిలో నడిచింది. "అవును. ఇంజను చివరి వ్యాగనుని వదిలి వెనక్కి వచ్చేస్తుంది. సరిపోతుంది."

"మైరాన్ ఒప్పుకుంటాడా?" అన్నాడు గార్నెట్.

"ఒప్పుకోడు. తిడతాడు. తర్వాత తనే కనిపెట్టానంటాడు."

"కుడివా, ఎడమవా?" వెండెల్ అడిగాడు. "బల్ల ముందు నిలబడి చెప్పకు. ఇంజను మీద కూర్చుని చూస్తున్నట్టు చెప్పు. అక్కడే అందరూ పడతారు."

ఆమె కాగితం చూసింది. ఇంజను మీద కూర్చుంది. చీలిక కుడివైపుకి వెళ్తోంది. రెండోసారి చూసింది. కుడే.

"రెండూ కుడివి."

డబ్బిచ్చి, సంచి లోపలి జేబులో దాచుకుని బయటికొచ్చేసరికి వెనక తలుపు గొళ్ళెం పడింది.

* * *

గౌను పూర్తి కాకుండా నెనిత వదలదు. వదలమని హలీనా అడగలేదు కూడా. పదిహేడేళ్ళకి గార్మెంట్ ఫ్యాక్టరీలో కాజాలు కుట్టడంతో మొదలుపెట్టింది. ఫ్యాక్టరీ మూసేశారు. తర్వాత ఇక్కడ. ఎన్నో పెళ్ళిళ్ళకి అంచులు మడిచింది. టారస్ అనే అతను ఎడ్మంటన్ వెళ్తూ రమ్మన్నాడు. అప్పుడు అమ్మకి బాగాలేదు. అమ్మ తర్వాత నాన్న. నాన్న తర్వాత, భార్య పోయిన మైరాన్ ఒక సూట్‌కేసుతో, ఇంజను పెట్టెతో తిరిగి ఇంటికొచ్చాడు. మంచి జాకెట్టుకి లోపలి కుట్టు కనిపించకూడదు. ఆమె బతుకంతా లోపలి కుట్టే.

ఆఖరి ముడి వేసి దారం కొరికింది. నెనిత గౌను ఎత్తి వెలుతురులో చూసి, "ఇంక పరిగెత్తు," అంది. తర్వాత పిలిచి, "బస్సెక్కాక ఏడువు. ఇక్కడ గౌన్ల మీద మరకలు పడతాయి," అని ఆమె భుజం నొక్కింది.

హలీనా ఏడవలేదు. బస్సు లెవెల్ క్రాసింగ్ దగ్గర ఆగిపోయింది. గేటు పడింది. గూడ్సు బండి.

ఆ ఊళ్ళో గూడ్సు బండి అంటే పుస్తకం తెరిచి చదువుకోవచ్చు. ధాన్యం వ్యాగన్లు, నూనె వ్యాగన్లు, కలప, మళ్ళీ ధాన్యం. బస్సులో ఎవరూ తల ఎత్తలేదు. హలీనా మాత్రం లేచి డ్రైవరు పక్కన నిలబడింది.

"నిలబడితే అది తొందరగా వెళ్ళదమ్మా," అన్నాడు డ్రైవరు.

"కూర్చుంటే వెళ్తుందా?"

బండి కీచుమంటూ నెమ్మదించింది. ఆగిపోతుందేమోనని ఆమె రెయిలింగు పట్టుకుంది. ఆగలేదు. ఆఖరి వ్యాగను వెళ్ళాక కూడా గేటు లేవడానికి ఒక యుగం పట్టింది.

* * *

మైరాన్ కోటు వేసుకుని కూర్చున్నాడు. బూట్లు కూడా. జుట్టు తడిపి దువ్వుకున్నాడు. సూట్‌కేసు గుమ్మం పక్కన ఉంది. ఇవన్నీ ఒక్కడే ఎలా చేశాడో, ఎన్నిసార్లు ఆగాడో ఆమె అడగలేదు. వస్తాడన్నమాట. రావాలని ఉందన్నమాట. ఆ ఆశ ఆమెని ఇంకా భయపెట్టింది.

బల్ల అతని ముందు వంటింటి టేబులు మీద ఉంది. పొయ్యి మీద బోర్ష్ సూపు ఎవరూ ముట్టకుండా చల్లారింది.

"చూపించు."

చూపించింది. పొట్టిదాన్ని చూడగానే మొహం ఎర్రబడింది. నోరు తెరిచాడు. అంతలో ఆమె వేలు బల్ల మీద పెట్టి ఇంజను దారి చూపించింది. అతను చూశాడు. ఊపిరి రెండుసార్లు బుసకొట్టింది.

"నేనూ అదే అనుకుంటున్నా మొన్నటినుంచి," అన్నాడు.

"అనుకునే ఉంటావు."

ఆమె పొడుగు పాయింటుని బల్ల మీద పెన్సిలు గీతల మీద ఉంచింది. తిప్పింది. మళ్ళీ తిప్పింది. చీలిక అవతలివైపు గోడకేసి పోతోంది. గీత ఇవతలివైపు వస్తోంది.



కాగితం తీసి బల్ల మీద పరిచింది. సరిపోలేదు. బోర్లా తిప్పింది. గీత గీతకి అతుక్కుపోయింది.

బట్ట మీద గుర్తులు ఎప్పుడూ వెనకవైపే పెట్టాలి. ముందువైపు పెడితే మరక కనిపిస్తుంది. ఈ కాగితం దించిన రోజు కూడా బల్ల మీద పరిచి, ముళ్ళ చక్రంతో గీతల వెంట చిల్లులు పొడిచి, అలవాటు కొద్దీ కాగితం తిరగేసి, వెనకవైపే సిరాతో కలిపింది. నలభై ఏళ్ళు ఒక్క గౌను కూడా పాడుచెయ్యని అలవాటు, ఎడమని కుడి చేసేసింది.

"వెనకవైపు గీశావు," అన్నాడు మైరాన్.

"అవును."

"వెండెల్?"

"కొట్టు మూసేశాడు. బ్రాండన్ వెళ్ళిపోయాడు."

మైరాన్ గోడ గడియారం చూశాడు. ఆమె చూడలేదు. చూస్తే చేతులు ఆగిపోతాయి. ఇప్పుడు కోటు గుండీలు విప్పుతాడు. ఒక్కొక్కటే విప్పి, బూట్లు తియ్యమని కాళ్ళు చాపుతాడు. మంచం ఇంకెవరికో వెళ్ళిపోతుంది. ఈ చలికాలంలో ఏదో ఒక పొద్దున మళ్ళీ ఆ స్నానాలగది నేల.

"తిరగేద్దాం," అంది హలీనా.

"ఏంటి?"

"మొత్తం తిరగేద్దాం. ఇంజను కుడివైపునుంచి కాకుండా ఎడమవైపునుంచి రానీ. అప్పుడు కుడి పాయింట్లు సరిపోతాయి. పట్టాలు తిన్నవే కదా, ఎటైనా ఒకటే."

"మన యార్డు అలా ఉండదు. తూర్పు కొసలో ఇంజను..."

ఆగిపోయాడు. కళ్ళు చిన్నవి చేసి బల్లని చూశాడు. మూతి వంకర తిరిగింది. ఏదో అయిందనుకుని ఆమె మిషను వైపు పరిగెత్తబోయింది.

అతను నవ్వుతున్నాడు. నవ్వు దగ్గైంది. దగ్గు మళ్ళీ నవ్వైంది.

"ఇది పడమటి కొస, హాల్యా! ఆ దొంగవెధవల కొస!" కళ్ళు తుడుచుకున్నాడు. "వాళ్ళకి కొత్త గది, వేడి పొయ్యి, గాలి తగలని గోడ. మాకు ఉత్త రేకుల షెడ్డు. ఎన్నిసార్లు బదిలీ అడిగానో తెలుసా? బతిమాలాను కూడా. ఇవ్వలేదు." బల్ల అంచు తట్టాడు. "చివరికి నువ్విచ్చావు. కానీ, తొందరగా కానీ. వాళ్ళు మళ్ళీ మనసు మార్చుకుంటారు."

 ఆమె పాయింట్లు దింపి, మేకులు గుచ్చి, పట్టాలు కొసలు కలిపి నొక్కింది. ఆయన వేలు ముందే అక్కడుంటోంది, తర్వాతి మేకు ఎక్కడో చూపిస్తూ. పట్టాలకి కరెంటు తెచ్చే తీగలు మాత్రం చిక్కు పెట్టాయి. చిల్లులన్నీ తూర్పు కొసకి లెక్కపెట్టి పొడిచినవి. ఇప్పుడు మూడో లైను చిల్లుకి దూరమైపోయింది. ఆక్సిజన్ ఉన్న ఇంట్లో కాల్చి అతికించడం కుదరదు. ఇంకో తీగ ముక్క మెలిపెట్టి, టేపు చుట్టింది. ఆ మెలిక ఆమెకే నచ్చలేదు.

బయట హారను మోగింది. తలుపు తట్టి లోపలికొచ్చిన కుర్రవాడు బూట్ల మంచు దులుపుకుంటూ, "నేను డార్సీ, వ్యాను డ్రైవర్ని," అన్నాడు. "రెడీయా సార్?"

"ఆగు," అన్నాడు మైరాన్, తల ఎత్తకుండా. "బండి ఇంకా తయారవలేదు."

"వ్యాను బయటే ఉంది సార్."

"నీ బండి కాదు నాయనా."

డార్సీ బల్లని చూశాడు. ఆమె మొహం చూశాడు. టోపీ తీసి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

మైరాన్ కరెంటు మీట తిప్పాడు. ఇంజను దీపం వెలిగింది. అది కదిలి, పొడుగు పాయింటు ముందుకొచ్చింది. హలీనా వంగి, కన్ను పట్టా ఎత్తుకి తెచ్చింది. మొదటి ఇరుసు. రెండోది. మూడోది చీలిక మీద కొట్టుకుని, ఒక్క క్షణం పైకి లేచినట్టు లేచి, పడింది. పట్టా మీదే పడింది. మిగతా మూడూ దాని వెనకే వెళ్ళిపోయాయి.

"చూశావా నా దొరసాన్ని," అన్నాడు మైరాన్, గుసగుసగా.

ఒకటో లైన్లోంచి రెండు వ్యాగన్లు లాగాడు. రెండో లైన్లోకి తోశాడు. వ్యాగన్లు పొట్టి పాయింటు మీద నడుం తిప్పుకుంటూ లోపలికెళ్ళాయి. ఇంజను బయటే ఆగింది. ఆమె చెప్పినట్టే. ఇంక మూడో లైను. అక్కడ పాయింటుకి ఆనుకునే ఉన్న ధాన్యం వ్యాగను వచ్చి కలిస్తే బండి తయారైనట్టు. పాయింటు మార్చాడు. ఇంజను ముందుకెళ్ళి, పొట్టి పాయింటు ముందు ఠక్కున ఆగింది. దీపం ఆరిపోయింది.

"మెలిక," అంది హలీనా. "పాయింటు అటు తిరిగాక కరెంటు ఆ తీగలోంచే రావాలి, రావడం లేదు. ఒక్క నిమిషం."

"ఉండు." మైరాన్ మీటని దీపం మాత్రమే వెలిగేంత వెనక్కి తిప్పి, చెయ్యి చాపి, టేబులు మీది చేతులు తుడుచుకునే నీలం కాగితం అంచు చింపాడు. వేలిగోరంత ముక్క. వణికే వేళ్ళతో దాన్ని టూత్‌పిక్‌కి గుచ్చి, ఇంజను ముందు పట్టాల మధ్య నిలబెట్టాడు. చాలాసేపు పట్టింది. ఆమె సాయం చెయ్యబోతే చెయ్యి తోసేశాడు.

"అదేంటి సార్?" అన్నాడు డార్సీ.

"నీలం జెండా. మనిషి లైన్లో ఉన్నాడని. ఇది ఉండగా ఇంజను కదలకూడదు. పెట్టినవాడే తియ్యాలి. పెద్దాఫీసరొచ్చినా ముట్టుకోడు." ఊపిరి తీసుకున్నాడు. "ఒకసారి మావాడొకడు తియ్యడం మర్చిపోయి ఇంటికెళ్ళి పడుకున్నాడు. బండి ఆపేసి, వాణ్ణి పక్కలోంచి లేపి తెచ్చారు. పైజామాలో వచ్చి తీశాడు. వెళ్ళు హాల్యా. నీ చేతులు లైన్లో ఉన్నంతసేపు నేను చూసుకుంటా."

ఆమె టేబులు కిందికి దూరింది.

కింద చీకటిగా ఉంది. టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని, బల్ల వెనకనుంచి కిందికి వేలాడే తీగల్లో దాన్ని వెతికింది. మెలిక వదులైపోయింది, అనుకున్నట్టే. టేపు ఒలిచింది. ఎదురుగా మైరాన్ బూట్లు. ఎడమ బూటు లేసు సరిగ్గా ముడి పడలేదు. తీగ కొసలు గోటితో చెక్కి, దారం పేనినట్టు గట్టిగా పేనింది. ఒకసారి, ఇంకోసారి. కొత్త టేపు చుట్టింది.

"గది చిన్నదే, కానీ కిటికీ పెద్దది," అంది కిందినుంచి, టార్చి చేతిలోకి తీసుకుని. "పార్కింగు కనిపిస్తుందని తిట్టుకోకు. దాని వెనకే లైనుంది. ఆకులు రాలాయి కదా, బండ్లు కనిపిస్తాయి. నేను చూశాను. ఆదివారం వరెనికి కుడుములు తెస్తాను. బంగాళాదుంపవి."

లేసు విప్పి, ముడి బిగించి కట్టింది.

"అయింది. జెండా తీసి నడుపు."

మిషను బుసకొడుతోంది.

"మైరాన్, తియ్యి. టైమవుతోంది."

గుమ్మం దగ్గర డార్సీ బూట్లు కదిలాయి. రెండడుగులు ముందుకొచ్చి ఆగాయి. "మేడమ్," అన్నాడు, చాలా మెల్లగా. "మేడమ్, మీరు బయటికి రండి."

ఆమె వెంటనే రాలేదు. కట్టిన ముడి మీద చెయ్యి వేసి, ఆ చీకట్లో కాసేపు అలాగే ఉంది.

* * *

అవసరమైనవాళ్ళందరూ వచ్చారు, వెళ్ళారు. నర్సు వచ్చి మిషను ఆపింది. ఆ చప్పుడు ఆగినప్పుడే ఇల్లు ఎంత పెద్దదో హలీనాకి తెలిసింది. డార్సీ వెళ్ళకుండా చాలాసేపు నిలబడి, సూట్‌కేసుని గుమ్మం దగ్గరనుంచి తీసి లోపలి గదిలో పెట్టి, అప్పుడు వెళ్ళాడు. కేర్ హోమ్ నుంచి ఫోను వచ్చింది. ఆమె విషయం చెప్పింది. అవతల మర్యాద గొంతు తడబడింది.

"మంచం తర్వాతి వాళ్ళకి ఇచ్చెయ్యండి," అంది హలీనా. "ఎవరో ఎదురుచూస్తుంటారు."

బోర్ష్ వేడి చేసి, ఒక గిన్నెలో పోసుకుని, టేబులు దగ్గర కూర్చుంది. తినలేదు.

బల్ల మీద ఇంజను దీపం వెలుగుతోంది. మెలిక నిలిచిందన్నమాట. మూడో లైనుకి కరెంటు వచ్చింది. మీట కొంచెం ముందుకి తిప్పితే చాలు, ఇంజను వెళ్ళి ఆ ఒక్క వ్యాగనుని కలుపుకుంటుంది. పడమటి కొసలో బండి తయారవుతుంది. అన్ని నెలల్లో ఆమె ఆ మీట ఒక్కసారి కూడా తిప్పలేదు. ఆ పని ఆయనది.

చెయ్యి చాపింది. ఇంజను దగ్గరదాకా వెళ్ళి, వేళ్ళు ఆగిపోయాయి. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

దీపం వెలుగులో, పట్టాల నడుమ, ఒకపక్కకి కొంచెం ఒరిగి, వేలిగోరంత నీలం కాగితం నిలబడే ఉంది.